వాళ్ళు నీళ్ళలో దిగేవరకూ

నోవై
నవంబర్ 5

రఘూ,

నీకూ మరదలు దేదీప్యకూ ఆశీస్సులు.

ఫోన్ చేద్దామనుకున్నాను. ఈ నెల నీది రాత్రి డ్యూటీయో పగలు డ్యూటీయో తెలియలేదు. నిద్ర చెడగొట్టడం ఎందుకని ఉత్తరం రాస్తున్నాను. చేరడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. పట్టనీ. తీరినప్పుడు చదువుకో.

పైన స్పేస్ స్టేషన్‌లో ఉన్న నలుగురూ వచ్చేవారం తిరిగి వస్తున్నారనీ, వాళ్ళు దిగే చోట సముద్రం ఎలా ఉంటుందో చెప్పే పని ఈసారి నీ చేతికి ఇచ్చారనీ దేదీప్య చెప్పింది. ఇన్నాళ్ళూ ఒకరి పక్కన కూర్చుని నేర్చుకున్నావు. ఇక మాట నీది. సంతోషం. నువ్వు సరిగా తినడం లేదని కూడా చెప్పింది.

మా ఆదివారం పారాయణలో ఈ కబురు చెప్పాను. కృష్ణవేణిగారు, "మీ తమ్ముడు టీవీలో వానొస్తుందని చెప్తాడా అండీ?" అన్నారు. కాదన్నాను. మరేమిటో నాకూ సరిగా తెలియదు. రాయి.

ఇక్కడ మొదటి మంచు పడింది. మీ బావగారు కారు అద్దం గీకుతూ, ఈ దేశమొచ్చిన దగ్గర్నుంచీ గీకుతూనే ఉన్నానన్నారు.

వాళ్ళు క్షేమంగా దిగాలని ఒక మొక్కు మొక్కుకున్నాను. చిన్నదే.

వేళకు తిను.

అక్క


హ్యూస్టన్
నవంబర్ 9

అక్కా,

నీకూ బావగారికీ నమస్కారాలు.

నీ ఉత్తరం ఆఫీసుకి తీసుకెళ్ళి డెస్క్ మీద పెట్టుకున్నాను. మా మేనేజర్ డేల్ చూసి, "ఈ రోజుల్లో స్టాంపు అంటించి ఎవరు పంపారు? కోర్టు నోటీసా?" అన్నాడు. మా పెద్దక్క అన్నాను. "అయితే కోర్టే" అన్నాడు. అతనికీ ఒక అక్క ఉందట.

కృష్ణవేణిగారికి ఇలా చెప్పు. వాళ్ళు వచ్చే వాహనం మీ వ్యాన్ కంటే కాస్త పెద్దది, అంతే. పారాచూట్లతో కాలిఫోర్నియా ఒడ్డుకు దూరంగా సముద్రంలో పడుతుంది. ఓడ వెళ్ళి దాన్ని ఎత్తుకోవాలి. అలలు ఎత్తుగా ఉన్నా, గాలి ఎక్కువున్నా అది కుదరదు. లోపలున్న వాళ్ళు నెలల తరబడి ఒంటి బరువే తెలియకుండా బతికినవాళ్ళు. అలల మీద ఊగుతూ ఉండిపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని వాహనం స్టేషన్ నుంచి విడివడకముందే మేం ఒక రంగు చెప్పాలి. గ్రీన్ అంటే రావచ్చు. రెడ్ అంటే ఆగాలి. ఎల్లో అంటే నిర్ణయం డేల్‌ది, తలనొప్పీ అతనిదే. ఒకసారి విడివడ్డాక, అయ్యో పొరపాటు అని వెనక్కి పంపడం దాదాపు లేనట్టే. ఆ రంగు ఈసారి నేను చెప్తాను.

పైన ఇప్పుడు సర్దుడు నడుస్తోంది. మనవాళ్ళు ఇండియా ప్రయాణమంటే సూట్‌కేసుల్ని బాత్రూం తూకం మీద ఎక్కిస్తూ దించుతూ ఉంటారే, అలాంటిదే. ఏ సంచి ఏ సీటు కిందికి పోవాలో ముందే నిర్ణయించి ఉంటుంది. బరువు ఒక పక్కకి ఎక్కువైతే వాహనం దిగే దారే మారిపోతుంది. రక్తం నమూనాలూ మొక్కల నమూనాలూ చలిపెట్టెలో ఉంటాయి. అవి చివర్లో కదులుతాయి. సూట్లు తొడుక్కుని గాలి పోతుందేమో చూసుకుంటారు. పైన ఉన్నన్నాళ్ళూ మనిషి కాస్త పొడుగు సాగుతాడు కాబట్టి సీటు కుదురుతుందో లేదో కూర్చుని చూస్తారు. దిగే రోజు ఉప్పుబిళ్ళలు మింగి నీళ్ళు తాగుతారు, నేల మీదికొచ్చాక కళ్ళు తిరిగి పడిపోకుండా. ఎవరెంత తాగాలో ఇక్కడి డాక్టర్లు లెక్కకట్టి చెప్తారు.

మొక్కంటే కొబ్బరికాయేగా. గట్టిగా పట్టు అక్కా. దేవుడు నా మాట ఎప్పుడు విన్నాడు కనుక. నీ మాటైతే వింటాడు.

తింటున్నానని దేదీప్యకి నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మదు.

రఘువీర్


నోవై
నవంబర్ 14

రఘూ,

వాళ్ళ రాక ఆగిపోయిందని రియా యూనివర్సిటీ నుంచి ఫోన్ చేసి చెప్పింది. మేనమామ ఉద్యోగమని దానికి గొప్ప. రూంమేట్లందరికీ నీ ఫోటో చూపించిందట.

నీ ఉత్తరం పారాయణలో చదివి వినిపించాను. అందరికీ అర్థమైంది. సూట్‌కేసుల దగ్గర బాగా అర్థమైంది.

గట్టిగా పట్టమన్నావు. పట్టాను.

మీ బావగారికి గుత్తివంకాయ చేశాను. ఉప్పు ఎక్కువైందన్నారు. నేను రుచి చూడలేదు.

ఈసారి తప్పదు కదా? ఏ రోజు?

అక్క


హ్యూస్టన్
నవంబర్ 19

అక్కా,

ఈసారి తప్పదు కదా అని నువ్వు కూడా అడిగావు.

పొద్దున లేస్తే ఇదే మాట. డేల్ అడుగుతాడు. ఓడ వాళ్ళు అడుగుతారు. పక్కింటాయన చెత్తబుట్ట బయట పెడుతూ అడుగుతాడు. దేదీప్య అడగదు కానీ నా ముఖం చూస్తుంది. సముద్రం నేను పెంచుకున్న కుక్క కాదు, కూర్చోమంటే కూర్చోవడానికి.

నిన్న రెండోసారి రెడ్ చెప్పాను. పసిఫిక్‌లో ఒక తుపాను వెనక ఇంకోటి వరుస కట్టాయి. అలలకి మాకొక గీత ఉంది, అది దాటితే రాకూడదు. నిన్న బాగా దాటాయి. పైన అప్పటికే సర్దడం అయిపోయింది. చలిపెట్టె సంచులు వాహనంలోకి చేరాయి. పడుకునే సంచులు చుట్టేశారు. నేను రెడ్ అన్నాక అవన్నీ మళ్ళీ స్టేషన్‌లోకి మోసుకుపోయి విప్పుకున్నారు. కమాండర్ పేరు హాలీ. చాలా ఓర్పుగల మనిషి. "అర్థమైంది, విప్పుతాం" అంది. మళ్ళీ తనే, "ఆ వాతావరణం అబ్బాయిని ఒకసారి అడగండి, మేం పైన ఉన్నన్నాళ్ళూ అతనికేమైనా ఇంటద్దె ముడుతోందా అని" అంది. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ గొంతు ఎంత అలసిపోయిందో హెడ్‌సెట్‌లో బాగా తెలిసింది.

తర్వాత డేల్ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "రఘు, వచ్చేసారి నెంబర్లు గీత మీద ఉంటే ఎల్లో అనలేవా? నువ్వు ఎల్లో అను చాలు, మిగతాది నేను మోస్తాను" అన్నాడు. చెడ్డవాడు కాదు. పైనవాళ్ళ ఇళ్ళనుంచి ఫోన్లు అతనికే వస్తాయి. అందరం అలసిపోయాం.

నువ్వు మాత్రం అడగకక్కా. అడగనివాళ్ళు ఒక్కరైనా ఉండాలి నాకు.

రఘువీర్


నోవై
నవంబర్ 23

రఘూ,

అడగను.

కృష్ణవేణిగారు అడిగారు. "వీసా స్టాంపింగ్ డేటులా ఎన్ని వాయిదాలండీ ఇవి? మీ తమ్ముడు ఊఁ అంటే దిగిపోతారట కదా, ఊఁ అనమనండి. మీరు చూడండి, ఎలా చిక్కిపోయారో" అన్నారు. నవ్వి ఊరుకున్నాను.

కరివేపాకు పొడి పంపుతున్నాను. మొదటి ముద్ద దానితో తిను.

థాంక్స్‌గివింగ్ సెలవులకి రియా వస్తుంది. స్నేహితురాలిని తెస్తుందట. వీగన్ పిల్లట. పెరుగు కూడా ముట్టదట. ఏం పెట్టాలో ఆలోచిస్తున్నాను.

అక్క


హ్యూస్టన్
నవంబర్ 28

అక్కా,

దీన్ని ఓవర్‌నైట్ మెయిల్‌లో పంపుతున్నాను. ఫోన్‌లో అయితే నాకేం కాలేదని పెట్టేస్తావు. ఇందాక అదే చేశావు.

రియా అంతా చెప్పింది. "మామయ్యా, అమ్మ స్టవ్ పక్కనే ఫాల్ అయిపోయింది. డాడీ, నేను అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్ళాం. షుగర్ చాలా లో ఉంది అన్నారు. అమ్మ రైస్ తినట్లేదు మామయ్యా, ఈ మంత్ స్టార్ట్ నుంచి. ఓన్లీ మిల్క్, బనానా. నీ ఆస్ట్రోనాట్స్ దిగేవరకు అంట. టాబ్లెట్ మాత్రం డైలీ వేసుకుంటుంది, ఫుడ్ లేకుండా. హూ డస్ దట్?" అంది. ఏడుస్తోంది.

నువ్వు చిక్కిపోయావని కృష్ణవేణిగారు అన్నట్టు రాశావు. చదివి, చలికాలం కదా అనుకున్నాను. కూర రుచి చూడలేదని రాశావు. అదీ చదివాను.

పైన నలుగురు కళ్ళు తిరిగి పడిపోకూడదని ఇక్కడ డాక్టర్లు ఉప్పునీళ్ళు లెక్క కడుతుంటే, నేను ఆ గదిలోనే కూర్చుని వింటున్నాను. నోవైలో మా అక్క వంటింట్లో పడిపోయింది.

నీకు కోపం వచ్చినా రాస్తాను. నీకు యాభై ఆరేళ్ళు. షుగర్ ఉంది. ఇది భక్తి కాదక్కా, బలవంతం. దేవుణ్ణి బలవంతపెడుతున్నాననుకున్నావేమో. అది వచ్చి నా మీద పడింది.

మంగళవారం మళ్ళీ రంగు చెప్పాలి. ఈసారి అలలు సరిగ్గా గీత మీద ఉన్నాయి. ఇవాళ ఆ చార్టు తెరిచాను. అలలు కనిపించలేదు, నువ్వు కనిపించావు. గ్రీన్ అంటే అక్క అన్నం తింటుంది. రెడ్ అంటే ఇంకో వారం పాలూ అరటిపండూ. ఆ వాహనంలో నలుగురున్నారు. వాళ్ళ కోసం ఇళ్ళల్లో పిల్లలు చూస్తున్నారు. నేను ఎవర్ని చూసి చెప్పాలి?

ఈ ఒక్కసారికి పని వేరేవాళ్ళకి ఇవ్వమని డేల్‌ని అడుగుదామా అనుకున్నాను. ఏమని అడగను? మా అక్క ఉపవాసం ఉంది, నా లెక్క నమ్మకండి అనా?

గట్టిగా పట్టమన్నది నేనే. అదే మింగుడుపడటం లేదు.

రఘువీర్


నోవై
నవంబర్ 29

రఘూ,

మీ బావగారు కోటు వేసుకుని, కారు తాళాలు పట్టుకుని నిలబడ్డారు. పోస్టాఫీసు మూసేస్తారట. తొందరగా రాస్తున్నాను.

తిన్నాను.

నీ ఉత్తరం చదివాక స్టవ్ మీద అన్నం పెట్టి, అది ఉడికేదాకా దేవుడి ముందు కూర్చున్నాను. మొక్కు మధ్యలో వదిలేస్తున్నాను, తప్పు నాది, వాడి జోలికీ ఆ నలుగురి జోలికీ పోవద్దని చెప్పుకున్నాను. తర్వాత పెరుగన్నం కలుపుకుని అక్కడే తిన్నాను. మొదటి ముద్ద గొంతు దిగలేదు. రెండోది దిగింది. రియా ఎదురుగా కూర్చుని ఆఖరి మెతుకు దాకా పోలీసులా చూసింది.

ఇదివరకెప్పుడూ మొక్కు తప్పలేదు. నీకు తెలుసు. గొప్పకు రాయడం లేదు. నిజంగా వదిలేశానని నువ్వు నమ్మాలని రాస్తున్నాను.

బలవంతం అన్నావు. ఆ మాట రెండుసార్లు చదివాను. ఇంటికి పెద్దదాన్ని. ఎవరికి కష్టమొచ్చినా ఏదో ఒకటి చేతిలోకి తీసుకోవాలనిపిస్తుంది. నీ పనిలో నా చేతికి అందేది ఏమీ లేదు. అందుకని అన్నం వదిలాను. నీ పక్కన నిలబడ్డాననుకున్నాను. నెత్తిన కూర్చున్నానని తెలియలేదు.

ఇక ఏ రోజని నేను అడగను. నువ్వు చెప్పకు. రియాను కూడా చెప్పొద్దన్నాను. వాళ్ళు రేపు దిగినా నెల తర్వాత దిగినా నేను మూడు పూటలా తింటాను. ఇది కూడా దేవుడి ముందు అన్న మాటే.

పని ఎవరికీ ఇవ్వకు. చార్టులో ఉన్నది చూడు. వద్దనాల్సి వస్తే వద్దను.

అక్క


హ్యూస్టన్
డిసెంబర్ 4

అక్కా,

రెడ్ చెప్పాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. దేదీప్య చదివి మడిచి నా కోటు జేబులో పెట్టింది.

మంగళవారం మీటింగ్‌లో డేల్ చార్టు చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"రఘు, ఇది ఎల్లో."

"సాయంత్రానికి అలలు లేచే అవకాశం ఉంది. రెడ్."

"లేస్తాయనా?"

"లేవచ్చని."

"ఆ ఒక్క 'వచ్చు' మీద ఇంకో వారం పోతుంది. తెలుసా నీకు?"

"తెలుసు."

డేల్ కళ్ళద్దాలు తీసి ముక్కు నలుపుకున్నాడు. తర్వాత రెడ్ అని పైకి చెప్పాడు. పేరు నాది చెప్పలేదు, టీం నిర్ణయం అన్నాడు. దానికి కూడా సిగ్గేసింది.

అలలు లేవలేదక్కా. ఆ సాయంత్రం ఓడ మీద వాళ్ళు ఫోటో తీసి పంపారు. సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది. కింద "వాతావరణం అబ్బాయికి ప్రేమతో" అని రాశారు. ఎవరో దాన్ని ప్రింట్ తీసి గోడకి అంటించారు. పైన మళ్ళీ సంచులు విప్పారు. ఈసారి హాలీ జోకు వేయలేదు. "సరే" అంది, అంతే.

నీ మొక్కు చెడగొట్టాను. నలుగురిని ఊరికే ఆపాను. ఇంతా చేసి తప్పు చెప్పాను. ఇదివరకు అందరూ నా ముఖం చూసేవాళ్ళు. ఇప్పుడు చూడటం మానేశారు. దానికంటే ఇది ఎక్కువ అలసటగా ఉంది.

రఘువీర్


నోవై
డిసెంబర్ 8

రఘూ,

ఒక్కటే అడుగుతాను. రోజు కాదు.

ఆ చార్టు చూసినప్పుడు నేను కనిపించానా?

కనిపించకపోతే నువ్వు తప్పు చెప్పలేదు. సముద్రం తర్వాత ఏం చేసిందన్నది సముద్రం పని.

మీ బావగారికి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన ఎప్పటినుంచో కార్ల బ్రేకుల పనిలో ఉన్న మనిషి కదా. "బ్రేకు వేశాక ఎదురుగా ఎవరూ రాకపోతే, వేసినవాడిది తప్పంటామా? మా ఆఫీసులో కూడా అంటారనుకో" అన్నారు. ఆ చివరి మాట కూడా రాయమన్నారు.

మొక్కు నువ్వు చెడగొట్టలేదు. ఎవరో చెడగొడితే పోయేది కాదు అది. నేనే వదిలాను.

తింటున్నాను. షుగర్ చూసుకున్నప్పుడల్లా ఫోటో తీసి పంపమంది రియా. పంపుతున్నాను. ఒకసారి పొరపాటున పారాయణ గ్రూపులో పెట్టాను. అందరూ దండం బొమ్మలు పెట్టారు.

నీ ముఖం ఎవరూ చూడకపోతే కాసేపు కళ్ళు మూసుకో.

అక్క


హ్యూస్టన్
డిసెంబర్ 13

అక్కా,

కనిపించలేదు. అలలే కనిపించాయి.

రోజు చెప్పొద్దన్నావు కాబట్టి అయిపోయాకే రాస్తున్నాను. దిగారు. నలుగురూ బాగున్నారు.

గ్రీన్ అని చెప్పినప్పుడు డేల్, "ఇంకోసారి చెప్పు, నా చెవులు అలవాటు పడాలి" అన్నాడు. ఇంకోసారి చెప్పాను. పైన చలిపెట్టె సంచులు మళ్ళీ కదిలాయి. ఇన్నిసార్లు సర్దినందువల్ల వాళ్ళు ఈసారి కాగితం చూడకుండానే సర్దేశారు. సూట్లు తొడుక్కున్నారు. ఉప్పుబిళ్ళలు మింగారు. హాలీ, ఈ నీళ్ళు మళ్ళీ తాగాల్సి వస్తుందనైనా మరోసారి పైకి రానంది. ఆ మాట విని నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ జోకు వేసింది కదా అని. తలుపులు మూశాక, గాలి పోవడం లేదని తేలేవరకూ గదిలో ఒక్కరూ కుర్చీలో వెనక్కి ఆనలేదు.

వాహనం విడివడింది. ఇక నా మాట నేను వెనక్కి తీసుకోలేను. అక్కడినుంచి నీళ్ళలో పడేదాకా నాకు పని లేదు. ఆ పని లేకపోవడమే కష్టం. నీకు అది ముందే తెలుసనుకుంటాను.

పారాచూట్లన్నీ విచ్చుకున్నాయి. పడ్డప్పుడు అల నేను చెప్పినదానికంటే ఎత్తుగానే ఉంది, గీతకు లోపలే. కెమెరాలో వాహనం ఒకసారి బాగా ఒరిగింది. డేల్ నా భుజం పట్టుకున్నాడు. అది లేచి నిలబడింది. ఓడ ఎత్తుకుంది. ఒక్కొక్కర్ని స్ట్రెచర్ మీద బయటికి తెచ్చారు. హాలీ కళ్ళు మూసుకునే చెయ్యి ఊపింది.

గదిలో చప్పట్లు కొట్టారు. నాకు చేతులు లేవలేదు. డేల్ గోడ మీది ఫోటో పీకి నా చేతిలో పెట్టి, "ఇంటికి తీసుకెళ్తావో పారేస్తావో నీ ఇష్టం" అన్నాడు. పారేశాను. ఇంటికొచ్చి పడుకున్నాను. దేదీప్య భోజనానికి లేపిందట, లేవలేదట.

అక్కా, నువ్వు వదిలేసిన మొక్కుకి ఇప్పుడు ఏమైనా చేయాలా? చేయాలంటే నేను చేస్తాను. గుడి చుట్టూ తిరగమంటే తిరుగుతాను. గుండు చేయించుకోమన్నా సరే. డేల్‌కి ఏదో ఒకటి చెప్పుకుంటాను.

రఘువీర్


నోవై
డిసెంబర్ 17

రఘూ,

నీ ఉత్తరం రాకముందే, ఆదివారం పారాయణలో కృష్ణవేణిగారు చెప్పారు. "అదేమిటండీ, మీకు తెలియదా? ఎప్పుడో దిగిపోయారు. మీ తమ్ముడి సంగతి మేం మీకు చెప్పాలా?" అన్నారు. తెలియదన్నాను. నమ్మలేదు. మన మధ్య ఏదో మాట పట్టింపు వచ్చిందనుకున్నారు. అనుకోనిచ్చాను.

వాళ్ళు దిగే వేళకు నేనేం చేస్తున్నానా అని ఆలోచించాను. మీ బావగారితో సరుకులకు వెళ్ళి వస్తున్నాం. దారిలో నాకు నిద్రపట్టింది. సిగ్నల్ దగ్గర లేపి ఇల్లు వచ్చిందన్నారు, రాలేదు.

మొక్కు సంగతి నువ్వు పెట్టుకోకు. గుండు వద్దు. అది నాకూ దేవుడికీ మధ్య ఉన్నది. ఆయన నన్ను ఎప్పటినుంచో ఎరుగును.

వాహనం ఒరిగినప్పుడు మీ మేనేజరు నీ భుజం పట్టుకున్నాడని రాశావు. ఆయనకు నా నమస్కారం చెప్పు.

ఇవాళ పొద్దున దీపం పెట్టి కూర్చున్నాను. రోజూ అడగడం అలవాటు. ఈ పని కావాలి, వీళ్ళు బాగుండాలి, వాళ్ళు చేరుకోవాలి. నీ పేరు దాకా వచ్చి ఆగాను. ఏమని అడగాలో తోచలేదు. పేరు ఒక్కటే అనుకున్నాను. కాసేపు ఊరికే కూర్చుని లేచాను.

అక్క